మేళాలో ఏం కొన్నారు?

మొన్న మన ఊళ్లో జరిగిన స్టార్టప్ పెట్టుబడుల మేళాలో మిమ్మల్ని చూశాను మేడమ్. రిటైరైన బ్యాంకు మేనేజరుకి అక్కడేం పని? ఏం కొన్నారు?
– ఒక గృహిణి, సీతమ్మధార

పనేమీ లేదు. మా చెల్లెలి కొడుకు దగ్గర ఒక పాస్ మిగిలింది, ఇంట్లో ఉక్కపోత, బీచ్ రోడ్డులో ఆ హాలంతా ఏసీ. కొన్నది మాత్రం ఒక్క చిరుధాన్యాల మురుకుల ప్యాకెట్. స్టాల్లో పిల్ల "రుచి చూడండి ఆంటీ" అని చేతిలో పెట్టాక కొనకుండా ఎలా వస్తాం?

అక్కడ అందరి మెడల్లోనూ ట్యాగులు. పెట్టుబడి పెట్టేవాళ్లకి ఒక రంగు, కంపెనీల వాళ్లకి ఒక రంగు, నాలాంటి సందర్శకులకి ఇంకో రంగు. అందుకని ఎదురుపడ్డ ప్రతివాడూ ముందు మెడకేసి చూసి, తర్వాతే మొహంకేసి చూస్తున్నాడు. నా ట్యాగు చూడగానే సగం నవ్వు సగంలోనే ఆగిపోయేది. సర్వీసులో ఉన్నప్పుడు అప్పు కోసం వచ్చినవాళ్లు నేను గది తలుపు తియ్యగానే లేచి నిలబడేవారు. ఇప్పుడు ఇలా. బాగానే ఉంది, ఎవరూ పట్టించుకోకపోతే అన్నీ తీరిగ్గా వినొచ్చు.

అన్ని స్టాళ్లలో మీకు నచ్చిన ఆలోచన ఏది?
– ఒక ఉపాధ్యాయుడు, భీమిలి

చేపలది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం అయ్యే సరుకుని యాప్‌లో పెట్టి, పొద్దున్నే నేరుగా ఇళ్లకి చేరుస్తారట. వేదిక మీద మాట్లాడిన అబ్బాయి మంచి ఇంగ్లీషులో మార్కెట్ ఎన్ని కోట్లో, ఎంత వేగంగా పెరుగుతుందో తెర మీద చూపించాడు. చప్పట్లు కొట్టారు. నాకు రెండు సందేహాలు మిగిలాయి. కింద స్టాల్ దగ్గరికి వెళ్తే అబ్బాయి లేడు, ఆ టీమ్‌లోనే ఉన్న ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదమ్మా. ఆ 61 రోజులు ఏం అమ్ముతారు?" అన్నాను. "మరబోట్లకే కదాంటీ నిషేధం, తెప్పలకి కాదు. వాళ్ల చేపలు తక్కువే వస్తాయి, మిగతాది ఎండుచేపలతో నడుపుతాం" అంది. రెండోది అసలైన ప్రశ్న. చాలా బోట్లకి డీజిల్‌కీ ఐసుకీ ముందే అడ్వాన్సు ఇచ్చే వ్యాపారి ఒకడుంటాడు, సరుకు అతనికే పోతుంది. మీ యాప్‌కి ఎవరిస్తారు? అమ్మాయి నవ్వింది. జాలారిపేట పిల్లట, నాన్నకి బోటు ఉందట. "అందుకే డబ్బు కావాలి ఆంటీ. ఆ అడ్వాన్సు మేమిద్దామని."

ఇదండీ వ్యాపారం అంటే! ఈ మాట వేదిక మీద ఎందుకు చెప్పలేదని అడిగాను. మైకు వాడికిచ్చారు అంది. పెట్టుబడి పెట్టేవాళ్లలో ఒక్కరైనా ఆ స్టాల్ దాకా వచ్చి ఆ పిల్లతో మాట్లాడారో లేదో.

మేడమ్, ఒక కంపెనీ "50 లక్షలకి 10 శాతం వాటా" అంది. ఆ లెక్కన విలువ 5 కోట్లు అన్నారు. ఇంకా అమ్మకాలే లేని కంపెనీకి 5 కోట్లు ఎక్కడివి?
– బీటెక్ విద్యార్థి, మధురవాడ

ఎక్కడివీ కావు నాయనా, అది బేరం. కంపెనీలో ఇప్పుడు 9,000 షేర్లున్నాయనుకో, అన్నీ కంపెనీ పెట్టినవాళ్లవే. పెట్టుబడి పెట్టే కొత్తాయన కోసం ఇంకో 1,000 షేర్లు పుట్టిస్తారు. వాటికి ఆయన 50 లక్షలిచ్చాడు, అంటే షేరు 5,000. ఆ ధరతో మొత్తం 10,000 షేర్లనీ గుణిస్తే 5 కోట్లు. బీరువాలో ఉన్నది ఆ 50 లక్షలే. మిగతా నాలుగున్నర కోట్లు ఆయన ఒప్పుకున్న మాట మాత్రమే. రేపు ఇంకొకాయన 2,500 రూపాయలే ఇస్తానంటే ఆ 5 కోట్లలో సగం ఎగిరిపోతుంది.

మేళాలో ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఆ కంపెనీ నువ్వే పెట్టావనుకో, మొదటి విడత పెట్టుబడి తర్వాత నీ వాటా 90 శాతం. రెండో విడతలో కొత్తవాళ్లకి 20 శాతం ఇస్తే నీది 72కి దిగుతుంది. తప్పేం కాదు, కంపెనీ పెరిగితే ఆ 72 పాత 90 కన్నా చాలా ఎక్కువే. కానీ కాలేజీ కుర్రాళ్లు 50 లక్షలు "వచ్చాయి" అని కేకులు కోస్తుంటే నా బ్యాంకు బుర్ర ఒప్పుకోదు. బ్యాంకు అప్పు కిస్తీలు కట్టేస్తే తీరిపోతుంది, మేనేజరు మొహం మళ్లీ చూడక్కర్లేదు. వాటా తీసుకున్నాయన మాత్రం ఉంటాడు. లెక్కలడుగుతాడు, బోర్డులో కూర్చుంటాడు, నువ్వు కంపెనీ అమ్మనంటే తను అమ్ముదామంటాడు. ఆయన ఎలాంటి మనిషో కనుక్కున్నాక సంతకం పెట్టు.

ఏంజెల్ ట్యాక్స్ అంటే దేవతల మీద పన్నా?
– ఒక కొంటె పాఠకుడు, విజయనగరం

కొత్త కంపెనీల్లో తొలి రోజుల్లో సొంత డబ్బు పెట్టేవాళ్లని ఏంజెల్స్ అంటారు. పన్ను ఆ దేవతల మీద కాదు, వాళ్లు డబ్బిచ్చిన కంపెనీల మీద. కంపెనీ తన న్యాయమైన విలువ కన్నా ఎక్కువ ధరకి షేర్లు అమ్మితే, ఆ పైసొమ్ముని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసేవారు. నల్లడబ్బు తెల్లబడకుండా 2012లో తెచ్చారు. రూపాయి లాభం లేని కంపెనీలకీ నోటీసులు రావడంతో చాలా గొడవయింది. 2024 జూలై బడ్జెట్‌లో ఎత్తేశారు.

మీరు రోజూ బీచ్‌లో నడుస్తారట. ఆరోగ్యం కోసమా, కబుర్ల కోసమా?
– పేరు రాయని పాఠకురాలు

వచ్చేటప్పుడు చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం ఉంటుంది. ఆరోగ్యం సంగతి మీరే ఊహించుకోండి.

మేళాలో ఒక స్టాల్ వాళ్లు నా ఫోన్ నంబరు తీసుకుని ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నారు. 2 లక్షలు పెడితే షేర్లిస్తాం, మూడేళ్లలో పదింతలు ఖాయం, మాకు ప్రభుత్వ గుర్తింపు ఉంది అంటున్నారు. రిటైర్మెంట్ డబ్బు ఉంది. పెట్టొచ్చా అమ్మా?
– ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒకాయన, గాజువాక

"ఖాయం" అన్నచోటే ఆగండి. షేరుకి ఖాయం అనేది లేదు. ఖాయంగా ఇస్తామనేవాళ్లు అమ్ముతున్నది షేరు కాదు, ఇంకేదో.

ప్రభుత్వ గుర్తింపు సంగతి. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా కింద కొత్త కంపెనీలకి గుర్తింపు ఇస్తారు. కంపెనీ వయసు, టర్నోవరు, చేసే పని చూసి ఇచ్చేది అది. దాంతో పన్ను రాయితీలకి దరఖాస్తు చేసుకోవచ్చు. మీ 2 లక్షలకి అది పూచీకత్తు కాదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రోడ్డు మీద నిలబడి అందరికీ షేర్లు అమ్మకూడదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ముందే ఎంచుకున్న కొద్దిమందికే, ఏడాదికి 200 మందికి మించకుండా ఇవ్వాలి. ఆ ఆఫర్ పత్రం మీ పేరు మీదే రావాలి, దాన్ని పీఏఎస్-4 అంటారు. డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి, నగదు పనికిరాదు. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, అదీ తప్పితే 12 శాతం వడ్డీతో ఇవ్వాలి. ఈసారి ఫోన్ వస్తే "పీఏఎస్-4 పంపండి బాబూ" అనండి. ఫోన్లు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. ఆగకుండా పత్రం నిజంగానే వస్తే, కంపెనీ పేరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఎప్పుడు పెట్టారు, డైరెక్టర్లెవరు, మూలధనం ఎంత అన్నీ కనిపిస్తాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక చిక్కుంది. ఆ షేర్లు స్టాక్ మార్కెట్లో లేవు. రేపు ఆపరేషనుకో, మనవరాలి ఫీజుకో డబ్బు కావాలంటే ఎవరికి అమ్ముతారు? రిటైర్మెంట్ డబ్బుతో వద్దు అని నా మాట. మీ అబ్బాయి జీతంలోంచి పెడతానంటే అది వేరే సంగతి, వాడికి వయసుంది.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి ఇక్కడ స్టార్టప్ పెట్టింది. సంబంధాలు చూస్తున్నాం, అమ్మాయి ఏం చేస్తోందంటే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పైగా ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెద్దామంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, అనకాపల్లి

ఉన్నదే చెప్పండి. ఉద్యోగం మానేసింది, కంపెనీ పెట్టింది, ఇంకా జీతం తీసుకోవడం లేదు. అది విని లేచి వెళ్లిపోయేవాళ్లు పెళ్లయ్యాక తెలిస్తే ఊరుకునేవాళ్లా? "అక్కడే వర్క్ ఫ్రమ్ హోమ్" అని అబద్ధం మాత్రం ఆడకండి. ఈ మధ్య మా వీధిలోనే ఒకళ్లు ఆడారు, నిశ్చితార్థం దాకా వచ్చి ఆగింది.

ఇల్లు మాత్రం ముట్టుకోనివ్వకండి. తాకట్టు లేకుండా చిన్న సంస్థలకి బ్యాంకులు అప్పిచ్చేందుకు 2000 సంవత్సరం నుంచి ఒక హామీ ట్రస్టు ఉంది, పేరు సీజీటీఎంఎస్ఈ. అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో కొంత అది భరిస్తుంది. అయినా కొందరు మేనేజర్లు ముందు ఇంటి కాగితాలే అడుగుతారు, మావాళ్ల సంగతి నాకు తెలుసు. "సీజీటీఎంఎస్ఈ కింద ఇస్తారా సార్" అని అమ్మాయిని అడగమనండి. కాదంటే కారణం రాసిమ్మనమనండి. మీరు వెంట వెళ్లకండి, అమ్మానాన్నలు పక్కన కూర్చుంటే మేనేజరు చూపు ముందు ఇంటి మీదికే పోతుంది.