వడ్డీ లెక్కలో తప్పు పట్టిన మనిషికి లెక్కలు రావా?

ప్రశ్న: నా వయసు 36. ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. పదోన్నతికి డిపార్ట్‌మెంటల్ పరీక్షల్లో అకౌంట్స్ పేపరు ఒక్కటే మిగిలింది. మూడుసార్లు ఫీజు కట్టాను, మూడుసార్లూ పరీక్షకు వెళ్లలేదు. నాకు చిన్నప్పటి నుంచి లెక్కలు రావు. ఆరో తరగతిలో మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి భిన్నాల లెక్క ఇచ్చారు. చేయలేకపోతే పీరియడ్ అయ్యేదాకా అక్కడే నిలబెట్టి, ‘నీ బుర్రకు లెక్క ఎక్కదు’ అన్నారు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ, ‘మన ఇంట్లో ఆడవాళ్లకు లెక్కలు అచ్చిరావులేవే’ అంది. అందుకే ఇంటర్‌లో హెచ్‌ఈసీ, ఆ తర్వాత బీఏ చదివాను. ఆఫీసులో బిల్లుల సీటు ఇస్తామంటే బతిమాలుకుని టపాల సీటుకు మారాను. వీడియోలు చూసి, రోజూ పొద్దున అద్దం ముందు ‘నేను సాధించగలను’ అని ఇరవైసార్లు చెప్పుకుంటున్నాను. పుస్తకం తెరిస్తే మాత్రం అరచేతులు చెమటలు పడుతున్నాయి. మావారు ‘ఎందుకు నీకీ తలనొప్పి’ అంటారు. పోయినసారి నాన్నగారి అప్పు గొడవతో కూడా చదవడం కుదరలేదు (రెండు రూపాయల వడ్డీకి 60,000 నోటు, ఎనిమిది నెలలకు 20,000 అసలుకు కట్టి, నోటు వెనక చెల్లు కూడా వేయించాం, అయినా అప్పిచ్చినాయన పద్నాలుగున్నర నెలలకూ మొత్తం 60,000 మీదే వడ్డీ వేస్తే, 2,600 ఎక్కువ పడిందని నేనే తేల్చాల్సి వచ్చింది). ఇప్పుడు నాలుగో తరగతి చదివే మా పాపకు స్లిప్ టెస్టులో 25కి 11 వచ్చాయి. ‘అమ్మకూ రావుగా, నాకూ రావు’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరీక్షకు మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. ఫీజు కట్టమంటారా? అసలు నామీద నాకు నమ్మకం ఎలా వస్తుంది?

జవాబు: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేనూ మీలాగే బ్రాకెట్లలోని వాక్యాన్ని దాటేశాను. రెండోసారి అక్కడే ఆగి, కాగితం తీసుకుని ఆ లెక్క వేశాను. 60,000కు నెలకు 1,200 చొప్పున ఎనిమిది నెలలకు 9,600. మిగిలిన 40,000కు నెలకు 800 చొప్పున ఆరున్నర నెలలకు 5,200. మొత్తం 14,800. అప్పిచ్చినాయన అడిగింది 17,400. తేడా సరిగ్గా 2,600. నాకు కాగితం, పెన్ను కావాల్సి వచ్చాయి. మీరు ఇద్దరు ముగ్గురు పెద్దల మధ్య, బహుశా అరుగు మీద కూర్చుని, గొంతు పెంచి మాట్లాడే మనిషి ఎదురుగా తేల్చి ఉంటారు.

ఆ పనికి చెల్లు తేదీ చూడాలి, అసలు ఎక్కడ తగ్గిందో గుర్తించాలి, కాలాన్ని రెండు ముక్కలు చేయాలి, ఆ అర నెలను వదిలిపెట్టకూడదు. మీరు రాయబోయే పేపరు కూడా దాదాపు ఇలాంటిదే: ఏ తేదీ నుంచి ఏ నియమం వర్తిస్తుందో చూసి, ఆ మేరకు కూడి, తీసి, శాతం కట్టడం. అయినా మీ ఉత్తరంలో ఈ సంఘటన చదువుకు అడ్డొచ్చిన ‘గొడవ’గా నమోదైంది. లెక్కలు వచ్చనడానికి రుజువుగా కాదు. మీ సమస్య ముడి అక్కడ ఉంది.

ఇలాంటి నమ్మకాలు ఒక్క రోజులో పుట్టవు. ఆ పీరియడ్‌తోనే అంతా అయిపోయిందని మీరు అనుకుంటున్నారు. పదకొండేళ్ల పిల్లను తరగతి ముందు అంతసేపు నిలబెట్టడం తప్పే, దాన్ని నేను తేలిక చేయను. కానీ చాలామంది పిల్లలు అలాంటి మాటలు పడి, సాయంత్రానికి ఆటలో మరిచిపోతారు. మీకు మరిచిపోయే వీలు లేకుండా చేసింది అమ్మ మాట అని నా అనుమానం. ఆవిడ మిమ్మల్ని ఓదార్చడానికే అన్నారు. కానీ మాస్టారి కోపం ఆ మాటతో ఇంటిపేరు లాంటిదైంది. తిడితే ఎదురు తిరగాలనిపిస్తుంది. ప్రేమగా ‘మనకు అచ్చిరాదులే’ అంటే ఎవరితో పోట్లాడతాం? పైగా అందులో హాయి కూడా ఉంది: ఇక ప్రయత్నించనక్కర్లేదు, మళ్లీ బోర్డు దగ్గర నిలబడనక్కర్లేదు. అలా నమ్మకం మీకు కాపలా కాసింది, హెచ్‌ఈసీ తీసుకునేటప్పుడు, సీటు మార్చుకునేటప్పుడు, మూడుసార్లు పరీక్ష రోజున. ప్రతిసారీ ఊరట దొరికింది. ఊరట దొరికిన ప్రతిసారీ ‘చూశావా, నాకు రాదు కాబట్టే తప్పించుకున్నాను’ అన్న ముద్ర ఇంకాస్త గట్టిగా పడింది.

మీరు ఒక్కసారి కూడా ఆ పరీక్ష తప్పలేదు. రాయలేదు, అంతే. ఈ రెండింటినీ మీ మనసు ఒకే ఖాతాలో వేసింది.

1960లో ఇంగ్లాండులో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించారు. 2, 4, 6 అన్న మూడు అంకెలు ఇచ్చి, ఇవి ఒక నియమం ప్రకారం ఉన్నాయి, ఆ నియమమేమిటో కనుక్కోండి, మీరు ఏ మూడు అంకెలు చెప్పినా నియమానికి సరిపోతాయో లేదో చెబుతాను అన్నారు. చాలామంది ‘రెండేసి పెరుగుతున్నాయి’ అని మనసులో తీర్మానించుకుని 8, 10, 12 అడిగారు. సరిపోయింది. 20, 22, 24 అన్నారు. అదీ సరిపోయింది. ధీమాగా నియమం చెప్పారు, తప్పయింది. ఆయన అనుకున్న నియమం ఒక్కటే: అంకెలు వరుసగా పెరగాలి. 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే రెండేసి అన్న ఊహ అక్కడే కూలేది. తమ ఊహ తప్పని చూపించగల ప్రశ్న అడగాలని చాలామందికి తోచలేదు. పాతికేళ్లుగా మీరు అడుగుతున్నవి కూడా 8, 10, 12లే. 1, 2, 3 మీకు నాన్నగారి నోటు రూపంలో తనంతట తానే వచ్చింది. మీరు దాన్ని బ్రాకెట్లలో పెట్టేశారు.

ఇక అద్దం సంగతి. అద్దం ముందు నిలబడి మంత్రాలు చెప్పుకోవడమంటే నాకు మొదటి నుంచీ కాస్త చిరాకే, కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి వినండి. 2009లో కెనడా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. తమ మీద తమకు మంచి అభిప్రాయం లేనివారు ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదే పదే చెప్పుకున్నాక వారి మనసు ఇంకాస్త కుంగింది. తర్వాత అన్ని ప్రయోగాల్లోనూ ఇలాగే రాలేదు. అయినా ఎందుకలా జరగవచ్చో మీకు నేను చెప్పనక్కర్లేదు. ‘సాధించగలను’ అని మీరు అన్న మరుక్షణం లోపలి నుంచి ఒక గొంతు ‘మరి మూడుసార్లు ఎందుకు వెళ్లలేదు?’ అంటుంది. రోజుకు ఇరవైసార్లు మీరే ఆ గొంతుకు మైకు అందిస్తున్నారు. మానేయండి.

‘నమ్మకం మార్చుకో, జీవితం మారుతుంది’ అని చెప్పే వీడియోల మాటా అంతే. తెలివి పుట్టుకతో బిగుసుకుపోయేది కాదు, సాధనతో పెరుగుతుంది అనే ఆలోచన మంచిదే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కానీ అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలపై ఆ పాఠాన్ని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వెనకబడిన పిల్లల మార్కులు సగటున కొద్దిగా మాత్రమే పెరిగాయి. కొద్దిగా పెరగడమూ విలువైనదే. జీవితం మారిపోయేంత మాత్రం కాదు.

ఇంతకన్నా ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పింది మీకు పనికొస్తుంది. ‘ఈ పని నేను చేయగలను’ అన్న భావం ఎక్కడి నుంచి వస్తుందని ఆయన 1977లో రాశారు. చేసి చూసిన అనుభవం నుంచి, మనలాంటివారు చేయడం చూసినప్పుడు, ఇతరులు చెప్పినప్పుడు, ఆ సమయంలో మన ఒళ్లు ఎలా ఉందన్న దాన్ని బట్టి. వీటిలో మొదటిదే బలమైనది. అంతకుముందు ఆయన బృందం పాములంటే హడలిపోయేవారితో పనిచేసింది. పాములు మంచివని వారికి ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కన ఒకరు ఉండి, ముందు గది గుమ్మం దాకా, తర్వాత గాజుపెట్టె దాకా, తర్వాత చేతితొడుగుతో, చివరికి వట్టి చేత్తో పట్టుకునేదాకా అంచెలంచెలుగా నడిపించింది. చేతిలోకి పాము వచ్చాక భయం పోయింది. అంతేగానీ, ముందు భయం పోయి తర్వాత పాము చేతిలోకి రావడం కాదు. మీరు మాత్రం ముందు నమ్మకం రావాలి, తర్వాత పుస్తకం తెరుస్తాను అని కూర్చున్నారు.

కాబట్టి ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో నాన్నగారి నోటు లెక్క రాయండి, అంకె అంకె, చివరి 2,600 దాకా. కింద తేదీ వేయండి. రెండో పేజీ నుంచి రోజుకు పాత ప్రశ్నపత్రంలోని ఐదు ప్రశ్నలు, ఇరవై నిమిషాలు. మొదలుపెట్టే ముందు పేజీ పైన ‘ఈ రోజు ఎన్ని సరిపోతాయి’ అని మీ అంచనా వేయండి. ధైర్యం తెచ్చుకుని పెద్ద అంకె వేయకండి. సున్నా అనిపిస్తే సున్నానే వేయండి. అయ్యాక జవాబులు చూసి, అసలు వచ్చిన అంకెను పక్కన రాయండి. మొదటి వారం అంచనా ఒకటి, వచ్చినవి రెండు ఇలా ఉండవచ్చు. ఒకరోజు రెండూ సున్నాలే కావచ్చు, పేజీ చింపకండి.

తప్పుల పక్కన మాత్రం చిన్న గుర్తు పెట్టండి. నియమం తెలియక తప్పారా, కూడికలో జారారా, లేక చెమటలు పట్టి ఖాళీ వదిలేశారా? ఈ మూడూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు. నియమం తెలియకపోతే పుస్తకం ఉంది. కూడిక జారితే రెండోసారి సరిచూసుకునే అలవాటు చాలు. ఖాళీ వదిలేసినవి ఎక్కువుంటే అది లెక్కల సమస్యే కాదు. అప్పుడు పెన్ను కింద పెట్టి రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి వదిలి, అదే ప్రశ్నకు మళ్లీ రండి. చెమట ఆరేదాకా ఆగకండి, తడి చేత్తోనే రాయండి. గుండెదడ, ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంటే ఒకసారి మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

బాండూరా చెప్పిన రెండోదాని కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మీ ఆఫీసులోనే ఆ పేపరు పాసైన, మీలాగే బీఏ చదివిన అక్కో చెల్లెలో ఉంటారు. మొదటి ర్యాంకు మనిషి దగ్గరికి వెళ్లకండి, ఆయన మిమ్మల్ని మరింత కుంగదీస్తారు. రెండుసార్లు తప్పి మూడోసారి బొటాబొటిగా గట్టెక్కిన మనిషిని పట్టుకుని, ఎలా చదివారో మధ్యాహ్నం టిఫిను డబ్బాల దగ్గర అడగండి.

మీవారి మాటను నేను వేరేగా చదువుతాను. ఆయన మిమ్మల్ని తక్కువ చేస్తున్నారో, మీ నిద్రలేని రాత్రులు చూడలేక అంటున్నారో నాకు తెలియదు. మీకూ తెలిసినట్టు లేదు. ఏదైనా, ఆయన నుంచి ప్రోత్సాహం అడగకండి. అడిగితే వచ్చే ప్రోత్సాహం రెండు రోజులు ఉంటుంది. దానికి బదులు పని అడగండి: ‘రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదీ నలభై దాకా వంటిల్లు మీది’ అని. కుక్కరు విజిళ్లు లెక్కపెట్టడం ఆయనకూ వస్తుంది.

పాప గురించి చివరికి వస్తున్నాను, నిజానికి మీరు ఉత్తరం రాసింది ఆమె కోసమే. ఒక సంగతి చెబితే మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ దగ్గర కూర్చుని హోంవర్కు చేయించిన పిల్లలు ఆ ఏడాది లెక్కల్లో తక్కువ నేర్చుకున్నారు, భయం కూడా ఎక్కువ పట్టుకుంది. అంత తరచుగా చేయించని ఇళ్లలో తల్లిదండ్రుల భయం పిల్లలకు అలా సోకలేదు. అందుకని మీరు ఆమెకు లెక్కల టీచరు కాకండి. అదే బల్ల మీద, అదే సమయానికి, ఆమె పుస్తకం ఆమె, మీ నోటుబుక్కు మీరు పెట్టుకుని కూర్చోండి. ఆమె చిక్కుపడితే ‘మీ టీచర్ ఎలా చేయమన్నారో నాకు చెప్పు’ అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంలో సగం చిక్కు వీడుతుంది. సరిగ్గా చేసినప్పుడు ‘ఎంత తెలివో మా తల్లికి’ అనకండి. 1998లో డ్వెక్, క్లాడియా ముల్లర్ అయిదో తరగతి పిల్లల మీద చూసింది ఇదే. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత కష్టమైన ప్రశ్నలు ఎదురైతే త్వరగా వెనక్కి తగ్గారు, పడిన శ్రమను మెచ్చుకున్నవారు పట్టు వదల్లేదు. ‘ఇది ఎలా చేశావు?’ అని అడగండి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ‘మా అమ్మాయికి నా పోలికే, లెక్కలు రావు’ అని చుట్టాల దగ్గర నవ్వుతూ అనే అలవాటు ఉంటే అది ఈ రోజే ఆగాలి. మీ అమ్మగారు అన్నది కూడా నవ్వుతూనే అయ్యుండాలి.

ఫీజు కట్టండి. ఈసారి తప్పినా నాకు అభ్యంతరం లేదు, ఆ తప్పుతో కనీసం ఒక నిజమైన అంకె మీ చేతికి వస్తుంది, ఇన్నాళ్లూ మీ దగ్గర లేనిది అదే. పదోన్నతి అక్కర్లేదని తీరిగ్గా ఆలోచించి వదులుకుంటే అదీ మీ ఇష్టమే, కానీ ఆ నిర్ణయం హాల్లో చివరిదాకా కూర్చుని వచ్చాక తీసుకోండి. పరీక్షకు వెళ్లే పొద్దున ఎక్కడికి వెళ్తున్నారో పాపకు చెప్పి బయలుదేరండి. తప్పితే ఆ సంగతీ చెప్పండి.

నోటుబుక్కు పది పేజీలు నిండాక మళ్లీ రాయండి, అంచనాల అంకెలు, వచ్చిన అంకెలు రెండూ పంపండి. అన్నట్టు, ఆ 2,600 ఆయన తగ్గించుకున్నారా లేదా? మీరు ఆ ముక్క రాయలేదు.