షెడ్డులో జరిగిన ప్రమాదాన్ని రోడ్డు మీదికి తేకండి

ప్రశ్న: మావారికి 35 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో నలుగురు పనిచేసే షెడ్డులో లారీ మెకానిక్. నెలకు 18,000 ఇచ్చేవారు. 2024 ఆగస్టు 12న క్యాబిన్ వాల్చి ఇంజను పని చేస్తుండగా అది మీద పడి తలకు గాయమైంది, మెడ వెన్నుపూస విరిగింది. ఇప్పుడు బరువు ఎత్తలేరు. ఓనరు చూసుకుంటానంటే నమ్మి మేం ఏ కాగితమూ సేకరించలేదు. ఇప్పుడు ఆయన, హెల్మెట్ లేకపోవడం మా తప్పనీ, అసలు మావారు తన పనివాడే కాదనీ అంటున్నాడు. లారీ గుద్దిందని కేసు పెడితే బీమా సొమ్ము వస్తుందంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: హెల్మెట్ సంగతి పక్కన పెట్టండి. ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద కార్మికుడి అజాగ్రత్త ఒక్కటే యజమానిని బాధ్యత నుంచి తప్పించదు. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలనే ధిక్కరించాడని ఓనరే రుజువు చేయాలి. ఈ కేసును తేల్చేది ఆయన రెండో మాట. మీవారు ఆ షెడ్డులో జీతానికి పనిచేసేవారని మీరు చూపగలరా?

నియామక పత్రం ఉండదని నాకు తెలుసు. ఓనరు ఫోన్‌పేలో పంపిన జీతాలు, పని చెప్పిన వాట్సాప్ సందేశాలు, ఆ లారీ నంబరు, పక్కన పనిచేసిన వ్యక్తి సాక్ష్యం చాలు. వీటన్నిటికంటే విలువైనది ఆసుపత్రిలో చేర్చిన రోజు గాయం ఎలా తగిలిందో రాసుకున్న కేసు షీటు. దాని నకలు వెంటనే తీసుకోండి. వైద్య ఖర్చులు కూడా యజమాని నుంచి రాబట్టుకోవచ్చు, కాని బిల్లులు ఉంటేనే. ఓనరు మాట నమ్మి ఇన్నాళ్లు ఒక్క కాగితమూ సేకరించకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

రోడ్డు ప్రమాదమనే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. ఆ కేసు షీటును బీమా కంపెనీ వకీలు తెప్పించిన రోజున మీ దావా కూలిపోతుంది, తప్పుడు ఫిర్యాదుకు మీ మీద కేసు పడుతుంది, నిజమైన దావాలోనూ మిమ్మల్ని ఎవరూ నమ్మరు. ఆ సలహా ఇచ్చిన ఓనరు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకుండా బయటపడతాడు.

2025 నవంబరు 21న ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టం అమలులోకి వచ్చినా, మీ హక్కు ప్రమాదం నాడే ఏర్పడింది కనుక 1923 చట్టం కిందే అడగాలి. గడువు రెండేళ్లు, అంటే 2026 ఆగస్టు 11లోగా కార్మిక శాఖలోని పరిహార కమిషనరు వద్ద దరఖాస్తు పడాలి. తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని, ‘ఇస్తానన్నాడు’ అన్నది అలాంటి కారణంగా నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఈలోగా ఎంతో కొంత ఇచ్చి హక్కు వదులుకున్నట్టు సంతకం అడిగితే పెట్టకండి. అలాంటి ఒప్పందం చెల్లదు, కాని దాన్ని కొట్టివేయించుకోవడానికి మళ్లీ పోరాడాలి.

జీతం ఎంతున్నా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు. అందులో 60 శాతాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టం చెప్పిన 197.06తో హెచ్చిస్తే 17,73,540 రూపాయలు; ఇది సంపాదన శక్తి పూర్తిగా పోతే వచ్చే మొత్తం. సంపాదన శక్తి 40 శాతం పోయిందని తేలితే మీకు 7,09,416, దానిపై ఏటా 12 శాతం వడ్డీ. మెడ గాయానికి చట్టం పట్టికలో స్థిరమైన శాతం లేదు కనుక, వైకల్యం ఎంతో రాసి ఊరుకోకుండా మెకానిక్ పనికి సంపాదన శక్తి ఎంత పోయిందో రాసిచ్చే, పిలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పే ఎముకల వైద్యుణ్ణి ముందు చూసుకోండి.