మేడమీద ఆటలు పెట్టబోతున్న లలితకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి లలితకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మే నెలంతా పొద్దున్నపూట మీ అపార్ట్‌మెంటు మేడమీద ఎనిమిది మంది చిన్నపిల్లలను పోగుచేసి ఆటలు ఆడించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు తయారుచేసిన కాగితాన్ని తమ్ముడు నాకు చదివి వినిపించాడు. దాని మీద ‘సెన్సరీ ప్లే’ అని ఉందట. ముట్టుకోవడం, వాసన చూడడం, చెవి ఒగ్గి వినడం, రుచి చూడడం, ఇవన్నీ ఆటగా చేయించడమేనని వాడు వివరిస్తే, ఇరవై తొమ్మిదేళ్లు అంగన్‌వాడీలో నేను చేసిన పనికి ఇన్నాళ్లకు పేరు తెలిసిందనుకుని నవ్వుకున్నాను. మన ఇంటి పిల్ల ఊరి పిల్లలను చేరదీస్తోందంటే గర్వంగానే ఉంది. కానీ ఆ జాబితాలో నాలుగో వరుస దగ్గర ‘శనగలు, పెసలు, రాజ్మా గింజల ట్రే’ అని వాడు చదివేసరికి నా చేతిలోని కాఫీ చల్లారిపోయింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు చిన్న విషయాలు ముగించనీ.

ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా పిల్లలను ఇళ్లకు పంపేయి. రోహిణి కార్తె వచ్చాక మేడ మాటే మరిచిపోయి హాల్లోకి మారిపో. గచ్చు వేడెక్కిందో లేదో నీ చెప్పులు విప్పి అరికాలితో చూసుకో. మజ్జిగ, కుండనీళ్లు వాళ్లు అడిగేదాకా ఆగకుండా నువ్వే ఇస్తూ ఉండు. పిట్టగోడ పక్కన కుర్చీ, స్టూలు, పూలకుండీ, ఎక్కడానికి వీలైన ఏ వస్తువూ ఉండకూడదు. నీళ్లాటకు వెడల్పాటి పళ్లేలు చాలు. బకెట్ వద్దే వద్దు. తల బరువుగా ఉండే ఏడాదిన్నర పిల్ల బకెట్‌లోకి తొంగి చూసి తలకిందులైతే తనంతట తాను లేవలేదు, అరవనూ లేదు, జానెడు నీళ్లు కూడా అక్కరలేదు. ఆట అయిన క్షణంలోనే ఆ నీళ్లు మొక్కలకు పోసేయి. ఫోను మోగితే మోగనీ.

ఇక సామగ్రి. నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానన్న నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ బంతులు దయచేసి తెప్పించకు. అవి చూడడానికి పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి, మింగితే పేగులో కూడా ఉబ్బుతాయి, ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించవు. ఆ జారుడుతనమే కావాలంటే మన సబ్జా గింజలు లేవూ? గుప్పెడు గింజలను గిన్నెడు నీళ్లలో వేసి పిల్లల కళ్లెదుటే పెట్టు. నల్లటి నలుసు చుట్టూ నీలిరంగు కలిసిన తెల్లటి పొర చూస్తూ ఉండగానే పేరుకుంటుంది, వేలితో పట్టుకోబోతే జారిపోతుంది. పూర్తిగా నానాక నోట్లో పెట్టుకున్నా భయం లేదు. పొడి గింజలు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకు. సాగే బంకముద్దకు వెలిగారం, అదే బోరాక్స్ పొడి, కలపాలని ఎవరో చెప్పారట. వద్దు. చపాతీ పిండి చాలు, ఏ రోజుది ఆ రోజు కలుపుకో. రంగుకు బీట్‌రూట్ రసం, పాలకూర రసం, పసుపు. పసుపు ముద్దను పిసికిన చేతులకు సబ్బు రాయగానే అరచేయి ఎర్రబడుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడడానికైనా నేను ఓసారి వస్తాను.

ఇసుక తెప్పిస్తే పిచ్చుకగూళ్లు కట్టించు. మీ ఊళ్లో పిల్లలకు అది తెలియకపోవచ్చు. పైన పొడిగా, వెచ్చగా ఉన్న ఇసుకను తోసి, అడుగున తడిసిన చోట పాదం పెట్టి, దాని మీద తడి ఇసుక గుమ్మరించి, చేత్తో తట్టి తట్టి బిగించి, ఊపిరి బిగబట్టి పాదాన్ని మెల్లగా వెనక్కి లాగాలి. గూడు నిలిస్తే సంబరం, కూలితే ఇంకో గూడు. అరికాలి కింద ఆ చల్లదనం, మడమ మీద ఆ బరువు, ఇంత ‘సెన్సరీ’ ఏ ట్రేలో ఉంటుంది చెప్పు? పసిపిల్లల చదువుకు కొత్త పద్ధతి నేర్పిన ఇటలీ దేశపు మేడమ్ మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చిందనీ, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల చేత వేలితో తడిమించేదనీ మాకు శిక్షణలో చెప్పారు. అప్పుడు నాకు మా తాతగారు వీధిబడి ఇసుకలో దిద్దిన ఓనమాలు, నీ అక్షరాభ్యాసం రోజు పళ్లెంలోని బియ్యంలో నా వేలు పట్టుకుని నువ్వు గీసిన వంకరగీత గుర్తుకువచ్చాయి. ఆ బియ్యాన్ని నువ్వు పిడికెడు నోట్లో వేసుకున్నావు కూడా.

వాసనల ఆటకు సెంటు సీసాలు కొనకు. వట్టివేళ్ల తడికె ముక్కను ఎండినప్పుడొకసారి, నీళ్లు చల్లాక ఒకసారి వాసన చూపించు. మల్లెమొగ్గలను పొద్దున చూపించు, విచ్చాక సాయంత్రం చూపించమని వాళ్ల అమ్మలకు చెప్పు. ముంజెలు తిన్నాక ఆ కాయలకు పుల్ల గుచ్చి బండి చేయించు, పుల్ల మాత్రం నువ్వే గుచ్చు. దారిలో దొరికాయని గురివింద గింజలు, ఆముదం గింజలు ఎవరైనా పట్టుకొస్తే వెంటనే తీసుకుని పారేయి. ఎంత ముద్దుగా ఉన్నా అవి విషం. కొరికితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు శనగల సంగతి. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

అది 1988 వేసవి. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. చాలా తెలుసుననుకునే వయసు. ఇంటి నుంచి శేరు శనగలు తీసుకువెళ్లి, పిల్లల చేతికి తలా రెండు కొబ్బరిచిప్పలు ఇచ్చి, ఒకదానిలోంచి మరొకదానిలోకి ఒంపించేదాన్ని. జల్లుమని వాన కురిసినట్టు ఆ చప్పుడు, ఇరవై మంది పిల్లలు నోరెత్తకుండా వినడం, ఎంత బాగుండేదో. కానీ సాయంత్రం గదంతా గింజలే, ఊడ్చేది నేనే. విసుగొచ్చి ఒకరోజు గట్టిగా అన్నాను: “ఎవరి చిప్పలో ఒక్క గింజ తగ్గినా వాళ్లను గడప బయట కూర్చోబెడతాను.” మర్నాటి నుంచి నేల మీద ఒక్క గింజ కనిపించలేదు. పిల్లలకు క్రమశిక్షణ వచ్చిందని మురిసిపోయాను.

రెండు వారాలకు ఒక నాలుగేళ్ల పిల్లకు ముక్కు కారడం మొదలైంది. ఒక్క పక్కనే కారేది. దగ్గరికి వస్తే భరించలేని వాసన. వాళ్లమ్మ కూలికి వెళ్లే మనిషి. చేతిపంపు దగ్గర పది మంది ఆడవాళ్లు నిలబడి ఉండగా, “పిల్ల ముక్కు తుడవడానికి కూడా నీకు తీరిక లేదా?” అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా బిందె దించి, కొంగు తడిపి, పిల్ల ముఖం తుడిచింది. ఆ తుడిచిన తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

మరో మూడు రోజులకు మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు ఈ పిల్ల నోటితో ఊపిరి తీస్తూ గురకపెడుతోంది. లేపి ముక్కు చూడబోతే రెండు చేతులతో మూసేసుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు బతిమాలితే నా చెవిలో నోరు పెట్టి, “శనగ,” అంది. ఆ తరువాత, “బయట కూర్చోబెట్టవుగా టీచరమ్మా?” అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. జడలోని పిన్ను తీసి నేనే లాగబోయాను. గింజ ఇంకా లోపలికి పోయింది, రక్తం వచ్చింది. అప్పుడు పరుగెత్తి వాళ్లమ్మను పొలం నుంచి పిలిపించి, ముగ్గురం బస్సెక్కి పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన సన్నటి కొక్కెంతో బయటికి తీసి దూది మీద పెట్టాడు. నల్లబడి, పొట్టు చిట్లి, మామూలు శనగకు రెండింతలుంది. పప్పుగింజ ముక్కు తడికి లోపలే ఉబ్బుతుందనీ, పిల్లలకు ఒక్క పక్కనే చీమిడి కారి వాసన వస్తే లోపల ఏదో ఉందని అనుమానించాలనీ, పిన్నూ పుల్లా వేలూ ఏదీ పెట్టకుండా, నీళ్లూ పోయకుండా నేరుగా తీసుకురావాలనీ చెప్పి, “ఇన్ని రోజులు ఎవరూ చూడలేదా?” అన్నాడు. వాళ్లమ్మ నా వైపు చూడలేదు. “నేనే చూసుకోలేదండీ,” అంది. తిరుగు బస్సులో ఒక్కటే సీటు దొరికితే నన్ను కూర్చోమని, పిల్లను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.

కాబట్టి లలితా, మూడేళ్లు నిండనివాళ్ల ముందు వాళ్ల పిడికిట్లో దాగే వస్తువు ఏదీ పెట్టకు. పెద్దవాళ్లకు గింజలు ఇవ్వకతప్పదనుకుంటే మనిషికి ఇరవై చింతపిక్కలు లెక్కపెట్టి ఇచ్చి, లేచేటప్పుడు వాళ్ల చేతే పైకి లెక్కపెట్టించి తీసుకో. ఒకటి తగ్గితే నవ్వుతూ వెతుకు. నీ ముఖం చిట్లితే ఆ గింజ ఎక్కడుందో నీకు ఎప్పటికీ తెలియదు. నీకు ముక్కు మీద కోపమని నాకు తెలుసు, అది నా పోలికే. ఎనిమిది మంది ఒక్కసారిగా పిండి పారబోసినప్పుడు ఆ కోపాన్ని మింగడం ఈ నెలంతటిలోకీ నీకు కష్టమైన పని. అందుకే ఇంకొక పెద్ద మనిషిని తోడు పెట్టుకో. ఒకరికి విసుగొచ్చినప్పుడు రెండోవారు ఉంటారు.

మట్టిని ముట్టుకోనని ఏడ్చే పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడి చేయి పట్టి మట్టిలో పెట్టకు. ఒక గరిటె ఇచ్చి పక్కన కూర్చోనీ. నువ్వు కూడా అలాంటిదానివే. ఒడియాల పిండి వేళ్లకు అంటుకుందని ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, నాలుగో రోజు నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి మోచేతుల దాకా పిండిలో ఉన్నావు.

ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. వాడి చేత గోనెసంచిలో చెరువు మట్టి పంపుతున్నాను. గాజుపెంకులు, ముళ్లు లేకుండా రెండుసార్లు జల్లించాను, అయినా నువ్వూ ఒకసారి జల్లించుకో. వట్టివేళ్లు ఒక కట్ట, అర డజను ముంజెకాయలు, పది కొబ్బరిచిప్పలు పెట్టాను. చిప్పల అంచులు గచ్చు మీద అరగదీశాను, చేతులకు గీసుకోవు. వాటిలో ఒంపుకోవడానికి నీళ్లు పోయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ