సూట్‌కేసులో ఇస్త్రీపెట్టె పెడుతున్నావా? ఆగు

చెల్లెమ్మా, బ్లౌజులు ఇంట్లోనే కుట్టుకుంటానన్నావు, సంతోషం. ఇస్త్రీపెట్టె ఇండియా నుంచి తెచ్చుకోనా, అమెరికాలో కొననా అని అడిగావు. తేవద్దు. ఈ ఒక్క ముక్క నేర్చుకోడానికి నాకెంత వదిలిందో చెప్తా విను.

మేం 2006లో డాలస్ వచ్చాం. అప్పుడు డాలరుకి సుమారు 45 రూపాయలు. ఇక్కడ మామూలు పెట్టె 20 డాలర్లని తెలియగానే నా బుర్రలో లెక్క మొదలైంది. తొమ్మిది వందలు! పెళ్లికిచ్చిన పెట్టె బంగారంలా ఉండగా కొత్తది దేనికని, ఆవకాయ సీసా తీసేసి మరీ దాన్ని సూట్‌కేసులో సర్దాను. (బరువు ఎంతవరకు తేవచ్చో మీ ఎయిర్‌లైన్స్ వాళ్ల దగ్గర చూసుకో, మా నాటి లెక్కలు ఇప్పుడు లేవు.)

ఇక్కడ అడాప్టరు తగిలించి పెట్టాను. పది నిమిషాలైనా పిల్లి వీపులా గోరువెచ్చగానే ఉంది. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. మనింట్లో వెయ్యి వాట్లు లాగే పెట్టె ఇక్కడ 270 దగ్గరే ఆగిపోతుంది. అడాప్టరు పిన్నులు మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు. ఇంజినీరింగు చదివిన మా ఆయనక్కూడా అప్పటిదాకా తట్టలేదు!

అక్కడితో ఆగానా? 40 డాలర్లు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, అదీ చవగ్గా వస్తోందని 500 వాట్లది. ఫ్యూజు పోయింది. తొమ్మిది వందలు మిగుల్చుదామని పద్దెనిమిది వందలు తగలేశాను. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

తర్వాత పాత సామాన్ల దుకాణంలో 3 డాలర్లకో స్టీమ్ పెట్టె దొరికింది. కుట్టడం పూర్తయిన ఉప్పాడ బ్లౌజు మీద పెట్టగానే చిల్లుల్లోంచి తుప్పు నీళ్లు కారాయి. సరిగ్గా ముందు డాట్ల మీద, అంటే ఛాతీ దగ్గర ఆకారం కోసం మడిచి కుట్టే చోట. ఇక్కడ బ్లౌజు కుట్టించాలంటే ఎంత అడుగుతారో నువ్వే చూస్తావుగా.

ఇప్పటి మీ పిల్లలు సమీక్షలు చదివి వందల డాలర్ల స్టీమ్ స్టేషన్లు, అదే విడిగా నీళ్ల ట్యాంకుండే పెట్టెలు, కొంటారు. అవసరం లేదు. ఇరవై పాతిక డాలర్లదే తీసుకో. నున్నటి ప్లేటు, కాస్త బరువు, ఆవిరి పూర్తిగా ఆపేసే మీట ఉంటే చాలు. కాన్వాస్ (గుడ్డ గట్టిగా నిలవడానికి లోపల వేసే పొర) అతికించేటప్పుడు పెట్టెని తోయకు, పది పదిహేను సెకన్లు అదిమి పట్టి ఎత్తు, పక్కకి జరుపు. ఆవిరి చిల్లుల కింద వేడి సరిగా తగలదు, అందుకే కాస్త జరిపి మళ్లీ అదుము. దానంతటదే ఆరిపోయే పెట్టెతో కుట్టుపనిలో చిరాకే. ఒక కుట్టు వేసి వచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది. అయినా చంటిపిల్లలున్న ఇల్లయితే అదే కొను.

పట్టుకి తక్కువ వేడి, లోపలివైపు నుంచి. జరీ మీద నేరుగా పెట్టకు. ప్లాస్టిక్ జరీ అయితే ముడుచుకుపోతుంది. దీనికోసం అమ్మే ప్రెసింగ్ క్లాత్ కొని డబ్బు పారేసుకోకు, నాన్నగారి పాత పంచె ముక్క చాలు. చంక దగ్గర, చేతుల దగ్గర గుండ్రంగా రావాలంటే తువ్వాలు గట్టిగా చుట్టి లోపల పెట్టు. పెట్టె, మైక్రోవేవ్ ఒకే లైనులో ఒకేసారి వేశావంటే బ్రేకర్ పడిపోతుంది.

మా పాత పెట్టె ఇంకా ఉంది. వైరు కత్తిరించేశాను. పైపింగ్ (అంచుకి కుట్టే సన్నటి పట్టీ) మడత మీద వేడి పెట్టె తీయగానే పంచె ముక్క వేసి దాన్ని పెట్టి, చల్లారేదాకా ఉంచుతాను. మడత కత్తిలా నిలుస్తుంది. ఆ పనికి ఇక్కడ నున్నటి చెక్కముక్క ఒకటి అమ్ముతారు, ఇరవై డాలర్ల పైమాటే.