హాస్టల్ కాలేజీలో, గదిలోనూ స్క్రీన్ మీదా పాఠం చెప్పబోయే అమ్మాయికి

ఆగస్టు 2020

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ కరోనా రోజుల్లో, వచ్చే టర్మ్‌కి మీ కాలేజీ పిల్లల్ని మళ్ళీ హాస్టళ్ళకు రప్పిస్తోందనీ, క్లాసులు గదిలోనూ ఆన్‌లైన్‌లోనూ ఒకేసారి నడపమన్నారనీ రాశావు. నీ టెన్షనంతా కెమెరాలు, సాఫ్ట్‌వేర్ గురించే. అవి నాలుగు క్లాసులయ్యేసరికి అలవాటవుతాయి. ముందు తేల్చుకోవలసింది హాజరు సంగతి.

హాజరుకు మార్కులుంటే, ఒళ్ళు వెచ్చబడ్డ పిల్లవాడు మాత్ర వేసుకుని వచ్చి కూర్చుంటాడు. ఒకే మెస్సులో తిని, ఒకే బాత్‌రూమ్ వాడుకునే చోట అది ఎంతమందికి అంటుతుందో వేరే చెప్పాలా? ఆ మార్కులు తీసేయమని మీటింగులో గట్టిగా అడుగు. ఒప్పుకోకపోతే నీ సబ్జెక్టు వరకైనా తీయించు. "ఒంట్లో బాగోలేదు, గదిలోంచే వింటాను" అని మెసేజ్ పెడితే చాలు, డాక్టర్ చీటీ అడగొద్దు.

ఇలా రెండు దారుల్లో పాఠం చెప్పడం ఇప్పుడు పుట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ బీటీ 2006 ప్రాంతంలోనే దీన్ని హైఫ్లెక్స్ పేరుతో తయారుచేశారు. అక్కడ క్లాసుకు రావాలా, ఆన్‌లైన్‌లో వినాలా అన్నది విద్యార్థి ఇష్టం. మీ పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. సోమవారం ముందు బెంచీలో ఉన్న అమ్మాయి, రూమ్‌మేట్‌కి పాజిటివ్ అని తేలగానే మంగళవారం నుంచి 14 రోజులు క్వారంటైన్ గదిలో ఉంటుంది. రాత్రికి రాత్రి క్లాసులోంచి వెళ్ళి, రెండు వారాలయ్యాక ఏమీ పోగొట్టుకోకుండా తిరిగి రాగలగాలి.

అందుకు ప్రతి వారానికీ ఒక్క పేజీ రాసిపెట్టు. ఏం చదవాలి, ఏం రాసివ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. అది ప్రతిసారీ ఒకే చోట, వారం మొదలవకముందే కనబడాలి. గంట వీడియో ఎవరూ పూర్తిగా చూడరు, ఫోన్ డేటాతో చదివే పిల్లలకైతే తెరుచుకోను కూడా తెరుచుకోదు. పది నిమిషాల ఆడియో, నోట్సు ఇస్తే వింటారు.

ఇక క్లాసులో. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు కానీ మాట వినబడాలి. వెనక బెంచీ నుంచి మాస్కులోంచి అడిగిన ప్రశ్న నీ ల్యాప్‌టాప్ మైకుకి అందదు. గదిలో అందరూ నవ్వుతుంటే, క్వారంటైన్‌లో ఉన్న పిల్లకి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి కెమెరా ఆపేసుకుంటుంది. కాబట్టి ఎవరేం అడిగినా ఆ ప్రశ్నను నువ్వు పూర్తిగా తిరిగి చెప్పి, అప్పుడు జవాబు చెప్పు. గదిలో పిల్లలు కూడా కాల్‌లో చేరితే వాళ్ళ మైకులూ స్పీకర్లూ ఆపించు, లేకపోతే చెవులు పగిలేలా కీచుమంటుంది. చాట్ చూస్తూ పాఠం చెప్పడం మనవల్ల కాదు. రోజుకొకరికి ఆ పని అప్పగించు.

చర్చలంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. ఆరడుగుల దూరంలో, మాస్కులతో అవి గదిలోనే సాగవు, ఇక స్క్రీన్‌తో కలిపితే అసలు సాగవు. దాని బదులు అందరూ ఒకే డాక్యుమెంట్ తెరిచి, ఆనాటి పాఠం పక్కన తలా ఒక ప్రశ్న రాయమను. అయిదు నిమిషాలు గది నిశ్శబ్దంగా ఉంటే కంగారుపడకు. తర్వాత వాటిలో మూడు పైకి చదివి, వాటి మీద మాట్లాడించు. అక్కడ ఎవరు ఏ గదిలో ఉన్నారన్నది లెక్కలోకి రాదు. నోరు విప్పని పిల్లలు ఎంత ఆలోచిస్తున్నారో కూడా నీకప్పుడు తెలుస్తుంది.

మీ ప్రిన్సిపల్ వినే మనిషైతే ఇంకొక మాట. ఒకేసారి అయిదు సబ్జెక్టులు నడపడం ఈ పరిస్థితుల్లో ఎవరికీ మంచిది కాదు. అమెరికాలో కొలరాడో కాలేజీ 1970 నుంచి మూడున్నర వారాలకు ఒక్క సబ్జెక్టే నడుపుతోంది. బెలాయిట్ అనే మరో చిన్న కాలేజీ ఈ టర్మ్‌కి ఒకేసారి రెండే అంటోంది. మీరు కూడా టర్మ్‌ని రెండు ముక్కలు చేసుకోవచ్చేమో అడిగి చూడు.

నీకే జ్వరం వస్తే? మీ డిపార్ట్‌మెంట్‌లో ఒకరితో ముందే మాట్లాడుకో. నీ వారం పేజీలు ఆమె దగ్గర, ఆమెవి నీ దగ్గర ఉండాలి. ఒంట్లో బాగోలేనప్పుడు మంచం మీంచి పాఠం చెప్పాలని చూడకు.

మొదటి వారం పేజీ రాశాక నాకు పంపు. పాఠం రాని మనిషిలా చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెబుతాను.

నీ పెద్దమ్మ