కాట్మై తీరానికి కెమెరాతో వెళ్లేముందు

తల్లీ,

ఆగస్టులో సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లి కాట్మై నేషనల్ పార్కు తీరంలో ఎలుగుబంట్లను తీస్తానని, ఏ లెన్స్ కొనాలో చెప్పమని అడిగావు. లెన్స్ సంగతి తర్వాత. ఆ వారంలో ఎలుగులు ఏం తింటుంటాయి, సముద్రపు నీళ్లు ఎన్నింటికి వెనక్కి తగ్గుతాయి, ముందు ఈ రెండూ తేల్చుకో.

జూన్‌లో అవి తీరపు పచ్చికల్లో తుంగజాతి గడ్డిని ఆవుల్లాగా తల దించుకుని మేస్తాయి. నీళ్లు తగ్గగానే బురదమేటల మీదికి వెళ్లి గుల్లలు తవ్వుకుంటాయి. జులై చివరికల్లా వాగుల్లోకి సాల్మన్ చేపలు ఎక్కడం మొదలవుతుంది, ఇక అన్నీ వాగుల దగ్గరే. నీళ్లు చిమ్ముతూ చేప వెంట పరిగెత్తే ఎలుగు కావాలంటే ఆగస్టు సరే. పచ్చిక, వెనక మంచుచారల కొండలు కావాలంటే జూన్‌కి మార్చుకో. ఎగిరే చేపను నోటితో అందుకునే ఫొటోలు చూసి ఉంటావు. అవి లోపలి వైపు బ్రూక్స్ జలపాతం దగ్గర, కట్టిన వేదికల మీంచి ఎక్కువగా జులైలో తీసేవి. ఈ తీరంలో వాటిని ఆశించకు.

ఆ తీరానికి అలాస్కాలోని హోమర్ అనే ఊరి నుంచి చిన్న విమానాల్లో వెళతారు. చక్రాల విమానం ఇసుక తేలినప్పుడే దిగగలదు, నీటి మీద దిగేదానికి నీళ్లుండాలి. అందుకే బయల్దేరే గంటను నిర్ణయించేది నీకు కావలసిన వెలుగు కాదు, పోటుపాట్లు. హోమర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో తేడా 25 అడుగులు దాటుతుంది. మన కాకినాడలో చూసే నాలుగైదు అడుగులతో పోల్చుకోకు. బురదమేట మీద ఉన్నప్పుడు నీళ్లు ఎదురుగానే వస్తాయనుకోవద్దు, నీ వెనక ఉన్న కాలవలు ముందు నిండుతాయి. నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలయ్యే వేళకు చేతి గడియారంలో అలారం పెట్టుకో. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి.

ఇప్పుడు లెన్స్. పార్కు నిబంధన ప్రకారం ఎలుగుకు 50 గజాల లోపలికి నువ్వు వెళ్లకూడదు, అంటే సుమారు 45 మీటర్లు. పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 400 మి.మీ. పెడితే ఆ దూరంలో ఫ్రేము వెడల్పు నాలుగు మీటర్లు. రెండు మీటర్ల జంతువు అందులో సగం నిండుతుంది, చుట్టూ కాస్త చోటూ మిగులుతుంది. 100–400 మి.మీ. జూమ్ చాలు, 600 దాకా వెళ్లేది ఉంటే ముఖం దగ్గరగా వస్తుంది. లక్షలు పోసి బరువైన లెన్స్ కొనడం నాకు నచ్చదు. చిన్న విమానంలో సామాను బరువు తూచి ఎక్కిస్తారు, మెత్తటి సంచే పట్టుకెళ్లు. కొండలకు 24–70 మి.మీ. లెన్స్, దానికో పోలరైజర్ ఫిల్టర్. తడి గడ్డి మీద, తడి రాళ్ల మీద మెరుపు తగ్గుతుంది కానీ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమవుతుంది). పెద్ద లెన్స్‌కి అది వద్దు.

నడిచే ఎలుగుకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, చేప వెంట పడేదానికి 1600వ వంతు పెట్టు. ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 3200 అయినా భయపడకు. ఫొటోలో కనిపించే గింజలు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని బాగుచేయలేవు. నల్లటి బురద ఫ్రేమంతా ఉంటే కెమెరా మొత్తాన్ని తెల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్ అర స్టాపు తగ్గించు. వెనక పొగమంచు ఆకాశం ఉంటే ఎలుగు నల్లటి ముద్ద అవుతుంది, ముప్పావు స్టాపు పెంచు. గడ్డి పరక అడ్డొస్తే ఫోకస్ దాని మీదికి జారుతుంది, అందుకని ఒకే చిన్న పాయింటును కంటి మీద ఉంచు. మోకాళ్ల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తు నుంచి తియ్యి.

ఎండరోజున దూరపు ఎలుగు ఎంత తీసినా మసగ్గా వస్తే లెన్స్‌ని తిట్టకు. వేడెక్కిన బురద మీద గాలి అల్లాడడమే కారణం. మబ్బు పట్టేదాకా దగ్గరున్నవి తీసుకో.

ఉప్పునీళ్లు తగిలిన ట్రైపాడ్ కాళ్లను ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడుగు, లేకపోతే ఇసుక, ఉప్పు చేరి కీళ్లు బిగుసుకుపోతాయి. నీళ్లలో నిలబెట్టేటప్పుడు కింది కీలు నీటిపైకి వచ్చేదాకా పొడిగించు. చలిలోంచి వెచ్చటి గదికి వచ్చాక కెమెరాను సంచిలోనే గంటసేపు ఉంచు, వెంటనే తీస్తే అద్దం మీద చెమ్మ పడుతుంది.

పులిహోర, ఆవకాయ ముద్దలు మాత్రం పచ్చికలోకి తీసుకెళ్లకు. ఎలుగు ముక్కును ఏ ప్లాస్టిక్ కవరూ మోసం చేయలేదు. తినడం గైడు చూపించిన చోటే. ఎలుగు మీదికొస్తే కొట్టే మిరప స్ప్రేని (బేర్ స్ప్రే) పెద్ద విమానాల్లో ఏ సామానులోనూ అనుమతించరు, హోమర్‌లో కొను. చిన్న విమానం పైలట్‌కి చెప్పి ఇవ్వు, అతను దాన్ని మనుషులు కూర్చునే చోటుకి బయట పెడతాడు. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్.

ఎలుగు నడిచే బాటలో కూర్చోకు. అందరూ ఒకచోటే ఉండండి. అది ఆవులిస్తున్నా, చొంగ కారుస్తున్నా, బుస్సుమంటున్నా దాన్ని ఇబ్బంది పెడుతున్నారని అర్థం. పరిగెత్తకుండా, మెల్లగా మాట్లాడుతూ కలిసి పక్కకు జరగండి. పిల్లల్ని చెట్టెక్కించిన తల్లి దగ్గరైతే కెమెరా దించెయ్, ఫొటో వద్దు.

పొగమంచు దిగితే చిన్న విమానాలు ఎగరవు. హోమర్‌లో కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకుని తిరుగు టికెట్ తీసుకో. పోటుపాట్ల పట్టిక చూసి, నీళ్లు తగ్గే వేళ పొద్దున పడే రోజుల్ని కూడా ఒకసారి నాకు పంపు, తేదీ కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య