మన దేవుళ్లలో ఆడా మగా రెండూ అయినవాళ్లు ఉన్నారా, లేక ఇది ఇప్పటివాళ్లు అల్లిన మాటా?

ఉన్నారండీ, ఎప్పటినుంచో. నేనుండేది చెన్నైలో, పుట్టింది తిరుపతిలో. అందుకే నేను కట్టుకున్న చీరతోనే మొదలుపెడతాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరం ఎంతకీ తగ్గకపోతే నాకు ఆడవేషం కట్టిస్తానని అమ్మ మా ఊరి గ్రామదేవత గంగమ్మకు మొక్కుకుంది. జాతర రోజు పెద్దమ్మ తన పసుపు చీర నాకు కట్టి, కుచ్చిళ్లు జారకుండా రెండు పిన్నీసులు గుచ్చి, సవరానికి కనకాంబరాలు చుట్టింది. గుబురు మీసాల మామయ్య కూడా చీరలోనే నడిచాడు. ఎవరూ నవ్వలేదు.

కథ మీకు తెలిసే ఉంటుంది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు భయంతో దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వెతికింది. చివరికి దొరగా వచ్చింది. దొరకు దణ్ణం పెడదామని వాడు బయటికి రాగానే తల నరికేసింది. జాతరలో ఆ వేషాలు కట్టేది కైకాల ఇంటి మగవాళ్లు. మగవాడు అమ్మవారవుతాడు, ఆ అమ్మవారు మళ్లీ దొరవుతుంది! ఆ తర్వాత మాతంగిగా వెళ్లి పాలెగాడి భార్యను ఓదారుస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

అయితే వేషం వేరు, బతుకు వేరు. నేను సాయంత్రానికి చీర విప్పేశాను. తమిళనాడులోని కూవాగంలో చిత్తిరై నెలలో తిరునంగైలు, అంటే ట్రాన్స్ మహిళలు, భారత యుద్ధంలో బలైన అర్జునుడి కొడుకు అరవాన్‌ను పెళ్లాడి తాళి కట్టించుకుంటారు, మర్నాడు తెంపుకుని గుండెలవిసేలా ఏడుస్తారు. కృష్ణుడు మోహినిగా మారి అరవాన్‌కు ఒక్క రాత్రి భార్య అయ్యాడన్న కథ వాళ్లకు సొంత కథ. మన కోనసీమ ర్యాలిలో అయితే ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని.

కళ్లారా చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లండి. తిరువెంకాడు నుంచి వచ్చిన 11వ శతాబ్దపు చోళుల కంచు అర్ధనారీశ్వరుడు ఉన్నాడక్కడ. శివుడి వైపు రెండు చేతులు, పార్వతి వైపు ఒక్కటే. ఆమె వైపు నడుము సన్నబడి తుంటి పక్కకు ఒరుగుతుంది, ఆయన వైపు భుజం వెడల్పుగా దిగుతుంది. రెండు ముక్కలు అతికించినట్టు ఎక్కడా ఉండదు, ఆ ఒరుగు ఒళ్లంతా పాకుతుంది. పోయినేడు అమ్మను తీసుకెళ్లాను. పార్వతి వైపు నిలబడి "అమ్మోరు" అంది. రెండడుగులు జరిగి "సామి" అంది. మళ్లీ వెనక్కొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

శుక్రవారం మాత్రం సెలవు, చూసుకుని వెళ్లండి.